ఉద్యోగం మానేసి ఎనర్జీ ఆడిట్ కన్సల్టెన్సీ పెట్టాను: ఫీజు ఎలా అడగాలి, పొదుపులో వాటాకి ఒప్పుకోవచ్చా?

రాజమండ్రి_ఎలక్ట్రికల్:

నమస్కారం అండి. పోస్టు కాస్త పెద్దది, ఓపిక చేసుకుని చదవండి. నేను ఎలక్ట్రికల్ ఇంజనీర్‌ని. చాలా ఏళ్లు ఒక ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో చేసి ఈ సంక్రాంతి వెళ్లాక మానేశాను. బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ) ఎనర్జీ ఆడిటర్ పరీక్ష నాలుగు పేపర్లూ ఉద్యోగంలో ఉండగానే పాసయ్యాను. ఇప్పుడు మండపేట, అనపర్తి, రామచంద్రపురం చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో కరెంటు ఖర్చు తగ్గించే పని సొంతంగా చేస్తున్నాను. ఆఫీసు లేదు, మనుషులు లేరు. నేనూ, నా బండీ, ఒక క్లాంప్ మీటరూ. పవర్ ఎనలైజర్ కావాల్సినప్పుడు అద్దెకి తెచ్చుకుంటున్నాను, మంచిది కొనాలంటే లక్షల్లో ఉంది.

పని ఉంది, ఆ విషయంలో నాకు అనుమానం లేదు. మొదట చేసిన మిల్లులో కాంట్రాక్ట్ డిమాండ్ (ఒకేసారి గరిష్ఠంగా ఇంత లోడ్ వాడతామని రాసుకున్న పరిమితి) 300 కేవీఏ పెట్టుకున్నారు. ఏడాది బిల్లులు వరసగా పరుచుకుని చూస్తే ఏ నెలా 200 దాటలేదు. వాడినా వాడకపోయినా కాంట్రాక్ట్‌లో 80 శాతానికి, అంటే 240 కేవీఏకి డిమాండ్ ఛార్జీ పడుతూనే ఉంది. దాన్ని 230కి తగ్గించుకుంటే 80 శాతం 184 అవుతుంది, అప్పుడు వాడిన 200కే బిల్లు. కేవీఏకి 475 రూపాయల లెక్కన నెలకి 19 వేలు మిగులు, అదీ డిస్కంకి (కరెంటు పంపిణీ కంపెనీకి) పెట్టుకునే ఒక్క దరఖాస్తుతో. పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటులో నిజంగా పనికొచ్చే భాగం) 0.92 దగ్గర ఆడుతోంది. హెచ్‌టీ (హై టెన్షన్) సర్వీసుకి బిల్లు కేవీఏహెచ్ (పనికిరాని భాగాన్నీ కలిపి లెక్కించే యూనిట్లు) మీద వేస్తారు కాబట్టి దాన్ని 0.99కి తెస్తే బిల్లులో యూనిట్లు ఇంకో 7 శాతం దాకా తగ్గుతాయి. దానికి నేను తీసుకున్న ఫీజు 15 వేలు. ఓనర్ గారు ఆ రోజే ఇచ్చేశారు, చాలా మంచి మనిషి.

ఆ తర్వాతే చిక్కు. ఆ ఊళ్లో అందరికీ నా రేటు 15 వేలని తెలిసిపోయింది. ఇంకో మిల్లాయన మా దగ్గర నాలుగు రెట్లు పని ఉంది అంటూనే, వాళ్లకి ఎంతకి చేశావో మాకూ అంతకే చెయ్యి అంటున్నారు. మరొకరు ఫీజు అసలు ఇవ్వను, తగ్గిన బిల్లులో ఏడాదిపాటు 30 శాతం తీసుకో అంటున్నారు. వినడానికి బాగానే ఉంది, లెక్క వేస్తే ఫీజు కన్నా ఎక్కువే వస్తుంది. మూడో ఆయన పని ఇవ్వలేదు గానీ రోజూ ఫోన్ చేస్తారు. మోటారు వేడెక్కుతోందనీ, ప్యానెల్లో వాసన వస్తోందనీ. తెలిసిన విషయం చెప్పకుండా ఉండలేను, అలాగని రోజూ గంట దీనికే పోతోంది. ఇవి చాలవన్నట్టు ఒక కెపాసిటర్ ప్యానెళ్ల (పవర్ ఫ్యాక్టర్ పెంచేవి) సప్లయర్ నేను చెప్పి కొనిపించిన ప్రతి ప్యానెల్ మీదా 8 శాతం కమీషన్ ఇస్తానన్నాడు.

జూన్‌లో పిల్లల స్కూలు ఫీజులు కట్టాక దాచుకున్న డబ్బు బాగా తగ్గింది. ఇంట్లో ఏమీ అనడం లేదు గానీ టెన్షన్ ఉంది. ఈ దారిలో ముందే నడిచినవాళ్లు ఎవరైనా చెప్పండి: రేటు ఎలా పెట్టారు, పొదుపులో వాటా పద్ధతి నడుస్తుందా, జీఎస్టీ ఇప్పుడే తీసుకోవాలా?

బాలానగర్_క్వాలిటీ:

నేను బాలానగర్, చర్లపల్లి వైపు చిన్న మెషిన్ షాపులకి ఐఎస్ఓ 9001, క్వాలిటీ సిస్టమ్ పనులు చేస్తాను. లైను వేరే అయినా మీ కష్టం అచ్చంగా నాకు తెలిసిందే.

రేటు సంగతి ముందు. ఎదుటివాళ్లు ఎంత ఇస్తారు అని ఆలోచించకండి, మీ రోజు ఎంత అనేది లెక్క వేసుకోండి. ఇంటికి నెలకి 60 వేలు కావాలనుకుందాం. నెలలో పాతిక పనిదినాలున్నా మొదటి ఏడాది డబ్బు వచ్చే రోజులు పదికి మించవు. మిగతావి తిరగడానికీ, కొటేషన్లకీ, రిపోర్టులు రాయడానికీ, రావాల్సిన డబ్బు అడగడానికీ పోతాయి. పెట్రోలు, మీటర్ అద్దె, ఖాళీగా పోయే నెలలు కలుపుకుంటే రోజుకి 8 వేలు కన్నా తక్కువ పెడితే నిలబడలేరు. మిల్లులో రెండు రోజులు కొలతలు, ఇంటి దగ్గర రెండు రోజులు లెక్కలూ రాతా అంటే 32 వేలు. ఇదే మీ అసలు రేటు. 15 వేలకి చేసింది బిల్లుల పరిశీలన మాత్రమే అని పేరు పెట్టి విడిగా ఉంచండి, ఎవరైనా ఆ రేటు అడిగితే ఆ పనే ఇవ్వండి. కంప్రెసర్, మోటార్లు, బాయిలర్ ఫ్యాన్లు కూడా కొలవాలంటే అది వేరే పని, వేరే రేటు అని చెప్పండి. ఇలా చెప్పినప్పుడు బేరం ఆడేవాళ్లు కూడా అర్థం చేసుకుంటారు, ఎందుకంటే వడ్లు పట్టడంలోనూ పచ్చి బియ్యానికి ఒక రేటు, ఉప్పుడు బియ్యానికి ఒక రేటు ఉంటుందని వాళ్లకి తెలుసు.

పని మొదలయ్యే ముందు ఒక్క పేజీ ఉత్తరం రాసి సంతకం చేయించండి. ఏం కొలుస్తారు, ఏం కొలవరు, ఎన్ని రోజుల్లో రిపోర్టు, డబ్బు ఎప్పుడు. సగం ముందు, మిగతా సగం రిపోర్టు ఇచ్చిన రోజు. లీగల్ భాష అక్కర్లేదు, తెలుగులోనే రాయండి. మాకు తెలిసిన మనిషేగా, కాగితాలెందుకు అని ఎంతోమంది అంటారు. తెలిసిన మనిషి దగ్గరే కాగితం ఇంకా అవసరం, గొడవ వస్తే మనిషీ పోతాడు, డబ్బూ పోతుంది.

ఫోన్ల ఆయన గురించి: ఫోన్ ఎత్తండి, ప్రమాదం ఉన్న మాట అయితే వెంటనే చెప్పండి. ప్యానెల్లో వాసన అంటే లైన్ ఆపించండి, ఫీజు తర్వాత. మామూలు సందేహాలకి మాత్రం 'నెలకి ఒకసారి వచ్చి అన్నీ చూస్తాను, మధ్యలో ఫోన్లకి కూడా అందుబాటులో ఉంటాను, నెలకి ఇంత' అని ఒక అంకె చెప్పండి. నా దగ్గర ఇప్పుడున్న నెలవారీ క్లయింట్లలో సగం మంది ఇలా ఫోన్లు చేసినవాళ్లే. రోజూ ఫోన్ చేస్తున్నాడంటే మీ మాట మీద నమ్మకం ఉన్నట్టే.

పొదుపులో వాటా మాత్రం వద్దు. బిల్లు మీ చేతిలో లేదు. వచ్చే ఏడాది టారిఫ్ మారొచ్చు, పంట తక్కువై మిల్లు మూడు నెలలు ఆగిపోవచ్చు, కొత్త సార్టెక్స్ (బియ్యంలో రంగు మారిన గింజలు ఏరే మెషిన్) పెట్టొచ్చు. మీరు చెప్పినవన్నీ చేసినా బిల్లు పెరిగే అవకాశం ఉంది. అప్పుడు మీ వాటా ఏది అని ఎవర్ని అడుగుతారు?

తణుకు_మోటార్స్:

పై ఆయన చెప్పిన మిగతావన్నీ సరే గానీ, వాటా మాట ఎత్తొద్దు అనడం నాకు ఒప్పుదల కాదు. మొదటి ఏడాది మనకి పేరు లేదు. పేరు లేనప్పుడు ఓనర్ రిస్కులో కొంత మనం పంచుకుంటేనే తలుపు తెరుచుకుంటుంది. అయితే బిల్లు మీద వాటా మాట్లాడకూడదు, కొలత మీద మాట్లాడాలి. టన్ను వడ్లు ఆడటానికి ఎన్ని యూనిట్లు పడుతున్నాయి అనేది ముందు రాసుకోండి, కనీసం ఒక సీజన్ అంతా. పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యం విడివిడిగా రాయాలి, లేకపోతే ఆ అంకెకి అర్థం లేదు. తర్వాత అదే టన్నుకి ఎన్ని పడుతున్నాయో చూపించండి. పంట తగ్గినా, టారిఫ్ మారినా ఈ లెక్క చెడదు.

ఇంకో మాట, మొత్తం ఫీజు వాటాగా ఎప్పుడూ ఒప్పుకోకండి. మీ ఖర్చులూ నాలుగు రోజుల కూలీ వచ్చేంత ఫిక్స్‌డ్‌గా తీసుకుని, ఆ పైన ప్రతి పనికీ ఒకేసారి ఇచ్చే మొత్తం పెట్టుకోండి. ఉదాహరణకి కాంట్రాక్ట్ డిమాండ్ తగ్గించిన మొదటి బిల్లు చేతికి రాగానే ఒక నెల మిగులు మీకు. మీ లెక్కలోనే అది 19 వేలు. ఏడాదంతా ప్రతి నెలా వెళ్లి వాటా అడగడం అంటే మంచి స్నేహం కూడా చెడిపోతుంది, ఒకేసారి అయితే ఆయన సంతోషంగా ఇస్తాడు.

డిమాండ్ తగ్గించేటప్పుడు ఒక జాగ్రత్త. వచ్చే సీజన్‌కి ఏ మెషినూ కొనడం లేదని ఓనర్ నోటితో చెప్పించుకుని రిపోర్టులో రాయండి. కాంట్రాక్ట్ దాటితే పెనాల్టీ రేటు పడుతుంది, ఆ ఒక్క బిల్లుతో మీరు చేసిన మంచంతా మర్చిపోతారు.

విజయవాడ_ఖాతాలు:

పన్నుల వైపు నేను చెప్తాను, ఇదే నా పని.

జీఎస్టీ ఇప్పుడే తీసుకోకండి. సేవలకి ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటేదాకా అక్కర్లేదు. చాలామంది 'నంబరు ఉంటే గౌరవం' అని ముందే తీసుకుంటారు. మీ క్లయింట్లు ఎవరో చూడండి: రైస్ మిల్లులు. 25 కిలోలు దాటిన బస్తాల్లో, లూజులో అమ్మే బియ్యానికి జీఎస్టీ లేదు, అందుకే మీరు వేసే 18 శాతాన్ని వాళ్లు క్రెడిట్‌గా (తాము కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకునేలా) వాడుకోలేరు. అంటే మీ 32 వేల పని వాళ్లకి 37,760 అవుతుంది, ఆ తేడా ఎవరికీ ఉపయోగపడదు. రేపు పెద్ద ఫ్యాక్టరీలు క్లయింట్లయితే లెక్క వేరు, వాళ్లకి క్రెడిట్ వస్తుంది. నంబరు తీసుకున్నాక కూడా ముందు ప్రొఫార్మా (పన్ను లెక్కలోకి రాని ముందస్తు బిల్లు) ఇచ్చి డబ్బు ఖాయం చేసుకోండి, కానీ పని పూర్తయిన 30 రోజుల్లోపు ట్యాక్స్ ఇన్వాయిస్ వెయ్యాల్సిందే. ఇన్వాయిస్ వేశారంటే డబ్బు రాకపోయినా జీఎస్టీ మీ జేబులోంచి కట్టాలి.

ఇవాళే చెయ్యాల్సింది ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల నమోదు). ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ చాలు. డబ్బు అడిగే సైట్ల జోలికి వెళ్లకండి. 2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో మీకు డబ్బు ఇవ్వాలి. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. వడ్డీ కోసం మిల్లు ఓనర్ మీద కేసు వెయ్యమని నేను చెప్పను, ఎవరూ వెయ్యరు కూడా. ఇంకో నిబంధన ఉంది. సూక్ష్మ, చిన్న సంస్థలకి గడువులోపు ఇవ్వకుండా, ఆ ఆర్థిక సంవత్సరంలో కూడా కట్టకపోతే ఆ ఖర్చుని ఆ ఏడాది ఆదాయంలోంచి తీసేసుకోనివ్వరు. 43బి(హెచ్) పేరుతో 2024 నుంచి ప్రతి వ్యాపారి ఆడిటరూ దీని గురించి చెప్తూనే ఉన్నాడు. మీ బిల్లు మీద ఉద్యమ్ నంబరు ముద్రించి ఉంటే మార్చి నెలలో వాళ్ల ఆడిటరే ఫోన్ చేసి మీకు డబ్బు ఇప్పిస్తాడు.

ఆదాయపు పన్నుకి భయపడనక్కర్లేదు. ఇంజనీరింగ్ కన్సల్టెన్సీకి ప్రిజంప్టివ్ పద్ధతి ఉంది, వచ్చినదాంట్లో సగం ఆదాయంగా చూపిస్తే చాలు, 50 లక్షల దాకా (నగదు 5 శాతం మించకపోతే 75 లక్షల దాకా) వర్తిస్తుంది. మీకు ఏడాదికి 20 లక్షలు వచ్చినా ఆదాయం 10 లక్షలే, వేరే ఆదాయం లేకపోతే కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి కట్టాల్సింది ఏమీ ఉండదు. ఒకే క్లయింటు నుంచి ఏడాదిలో 50 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ కోస్తారు. అది రిటర్న్ వేశాక వెనక్కి వస్తుంది గానీ, అప్పటిదాకా చేతిలో ఉండదు. ఇంటి ఖర్చు లెక్కలో ఆ డబ్బుని కలపకండి.

మిల్లర్_మిర్యాలగూడ:

నేను అవతలి వైపు మనిషిని. మాది ఉప్పుడు బియ్యం మిల్లు. మీలాంటి వాళ్లు చాలామంది వస్తారు, ఎవరికి డబ్బు ఇస్తామో ఎవరికి ఇవ్వమో ఓనర్‌గా చెప్తాను.

కొందరు లాప్‌టాప్ తెరిచి స్లైడ్లు చూపిస్తారు. దేశంలో ఎంత కరెంటు వృథా అవుతోందో చెప్తారు. నాకు దేశం లెక్క ఎందుకు? ఒకాయన మాత్రం వచ్చి ఏమీ చెప్పలేదు. మధ్యాహ్నం భోజనాలకి మిల్లు మొత్తం ఆపిన టైంలో కంప్రెసర్ ఒక్కటి మాత్రం ఆపొద్దన్నాడు. అన్ని మెషిన్లూ ఆగిపోయాయి, గాలి ఎవరూ వాడటం లేదు. అయినా కంప్రెసర్ లోడ్ ఎక్కుతోంది, దిగుతోంది, మళ్లీ ఎక్కుతోంది. ఆయన ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి నన్ను పక్కన నిలబెట్టాడు. 40 సెకన్లు లోడ్ (గాలి నింపడం), 80 సెకన్లు ఖాళీ. మూడింట ఒక వంతు గాలి లీకుల్లో పోతోందన్నాడు. 30 హెచ్‌పీ కంప్రెసర్ అది. తర్వాత సబ్బు నీళ్లు తీసుకుని మా ఫిట్టర్‌తో కలిసి పైపు వెంబడి నడిచాడు. సార్టెక్స్ దగ్గర కప్లింగులో, ఎవరూ వాడని ఒక పాత లైనులో బుడగలు వచ్చాయి. ఆ లైనుకి ఎండ్ క్యాప్ పెట్టారు, కప్లింగులు మార్చారు, మొత్తం ఖర్చు రెండు వేలు కూడా కాలేదు. ఇంకో రోజు సార్టెక్స్ కంపెనీ వాళ్లని అడిగి ప్రెషర్ ఒక బార్ తగ్గించాడు, దానికే కంప్రెసర్ కరెంటు ఆరేడు శాతం తగ్గింది. నేను కళ్లతో చూశాను కాబట్టి ఆయన అడిగిన ఫీజు బేరం లేకుండా ఇచ్చాను. రిపోర్టు ఎన్ని పేజీలో నాకు గుర్తు లేదు.

మీరు కూడా ముందు ఆ స్టాప్‌వాచ్ పరీక్ష పెట్టండి. ఖర్చు లేదు, గంటలో అయిపోతుంది, ఓనర్‌కి చదువు అక్కర్లేకుండా అర్థమవుతుంది.

ఫిట్టర్‌ని దగ్గర పెట్టుకోండి. పైనుంచి వచ్చిన ఇంజనీరు తన తప్పులు ఎంచుతున్నాడని ఫిట్టర్ అనుకుంటే, మీరు వెళ్లిన వారానికే అంతా మొదటికొస్తుంది. లీకు ఫిట్టరే కనిపెట్టినట్టు ఓనర్ ముందు చెప్పండి, అందులో అబద్ధం కూడా లేదు, పైపు ఎటు పోతుందో తెలిసింది ఆయనకే.

సీజన్ చూసుకుని రండి. మా దిక్కు వానాకాలం వడ్లు దిగేటప్పుడూ, యాసంగి వడ్లు దిగేటప్పుడూ లారీలు గేటు ముందు నిలబడి ఉంటాయి. అప్పుడు ఫోన్ చేస్తే ఎత్తం, ఎత్తినా వినం. మీకు సార్వా, దాళ్వా అంటే అదే కదా. ఆ రోజుల్లో కొలతలు మాత్రం తీసుకోవాలి, ఎందుకంటే ఫుల్ లోడ్ అప్పుడే ఉంటుంది. కానీ మాట్లాడటం, కొటేషన్, డబ్బు అడగటం ఇవన్నీ ఆఫ్ సీజన్‌లో పెట్టుకోండి. మీకు ఇప్పుడు ఫోన్లు రాకపోతే పని లేదని కాదు. ఏడాదిలో మీకు డబ్బు వచ్చే నెలలు కొన్నే ఉంటాయి, ఇంటి లెక్క కూడా అలాగే వేసుకోండి.

కమీషన్ దగ్గర మాత్రం గట్టిగా చెప్తున్నా, తీసుకోవద్దు. మేమంతా ఒకరికొకరం చుట్టాలమో, అసోసియేషన్‌లో రోజూ కలిసేవాళ్లమో. ఒక ప్యానెల్ ఇద్దరు కొంటే రేట్లు పోల్చుకుంటాం. నా పక్క మిల్లుకి 4 లక్షలు పడింది, నాకు 4 లక్షల 30 వేలు ఎందుకు పడింది అని సప్లయర్‌ని గట్టిగా అడిగితే మీ పేరు చెప్పేస్తాడు, చెప్పకుండా ఎందుకుంటాడు? ఆ రోజు నుంచి మీరు ఏ ప్యానెల్ పెట్టమన్నా అది అవసరమా, మీ కమీషనా అని అనుమానం. నేను కన్సల్టెంట్‌కి డబ్బు ఇచ్చేదే నా తరఫున మాట్లాడే ఒక మనిషి ఉండాలని.

రాజమండ్రి_ఎలక్ట్రికల్:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, మా ఆవిడకి కూడా చదివి వినిపించాను.

ఉద్యమ్ నిన్ననే అయిపోయింది. కమీషన్ సప్లయర్‌కి వద్దని చెప్పేశాను. ఆ 8 శాతం నాకొద్దు, క్లయింటు కొటేషన్‌లోనే తగ్గించి ఇవ్వండి అన్నాను. ఒప్పుకున్నాడు, ఆశ్చర్యంగానే ఉంది. 30 శాతం వాటా అన్న ఆయనకి తణుకు గారు చెప్పినట్టు కొంత ఫిక్స్‌డ్, డిమాండ్ తగ్గిన మొదటి బిల్లు మీద ఒక నెల మిగులు అని ఉత్తరం పంపాను. ఆలోచించి చెప్తానన్నారు. ఫోన్ల ఆయనకి నెలవారీ మాట చెప్పాలంటే ఇంకా మొహమాటంగానే ఉంది, ఈ వారం కలిసినప్పుడు చెప్తాను.

మిర్యాలగూడ మిల్లర్ గారూ, మీకు ఒక ప్రశ్న. నాకు ఎనర్జీ ఆడిటర్ సర్టిఫికెట్ ఉంది గానీ బీఈఈ అక్రెడిటేషన్ లేదు. చట్టప్రకారం తప్పనిసరిగా ఆడిట్ చేయించుకోవాల్సిన పెద్ద ఫ్యాక్టరీలకే ఆ అక్రెడిటెడ్ ఆడిటర్ కావాలి, మిల్లులకి అవసరం లేదు. ఓనర్లు ఇది అడుగుతారా? విజిటింగ్ కార్డు మీద ఏం వేసుకోవాలో తేలక ప్రింటింగ్ ఆపాను.

మిల్లర్_మిర్యాలగూడ:

నాకు ఎవరూ చూపించలేదు, నేనూ అడగలేదు. పాసైన పరీక్ష పేరు ఉన్నది ఉన్నట్టు వేసుకోండి, లేని గుర్తింపు వేసుకోకండి. కార్డు వెనకవైపు ఖాళీగా వదలకుండా మీరు పని చేసిన మిల్లు ఓనర్ ఒప్పుకుంటే ఆ ఊరి పేరు, ఏ నెల నుంచి బిల్లు ఎంత తగ్గిందో ఒక్క లైనులో వేయించండి. మేం ముందు ఆయనకే ఫోన్ చేస్తాం.

బాలానగర్_క్వాలిటీ:

ఆ లైను వేసే ముందు ఓనర్ గారిని ఫోన్‌లో కాకుండా మనిషిగా కలిసి అడగండి, కాగితం మీద ఒప్పుకోలు కూడా తీసుకోండి. ఆ మిల్లు రెండో బిల్లు కూడా తగ్గి వచ్చాకే ప్రింట్ చేయించండి.